హిందీగారి కుర్చీ

హిందీగారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పినవాడు ఏలూరులో పాతసామాన్లు కొని అమ్మే వర్తకుడు. పొద్దున్నే ఫోను చేశాడు.

“బాబుగారండీ, తమరికి తెలిసిందాండీ? హిందీగారు పోయారంటండి. నిద్రలోనే అంటండి. అలాంటి గొంతు మళ్ళీ పుట్టదండి.”

“అయ్యో” అన్నాను.

ఒక పెద్దమనిషి పోయినప్పుడు ఎంతసేపు ఊరుకుంటే మర్యాదో అంతసేపూ ఊరుకుని, అతను గొంతు సవరించుకున్నాడు.

“మరి కుర్చీ సంగతి ఏమంటారండీ?”

నేను ఫోను పెట్టేశాను. కోపం వచ్చిన మాట నిజమే కాని, అతని ప్రశ్న అంత తీసిపారేసేది కాదు. ఆ కుర్చీ ఆ క్షణాన నా ఎదురుగానే ఉంది. తాడేపల్లిగూడెంలో మేముంటున్న అద్దె వాటాలో ముందుగది అంటే సగానికి సగం ఆ కుర్చీయే. మా తాతగారి పడకకుర్చీ. నల్లబడిన టేకు, పేము అల్లిక, కాళ్ళు చాపుకోవడానికి బారెడేసి చేతులు. గణపవరం దగ్గర మా ఊళ్ళో మేడ పోయింది, రైసుమిల్లు పోయింది, పొలం ఎక్కడెక్కడిదో చేపల చెరువులైపోయింది. మిగిలినది ఈ కుర్చీ, తలుపు వెనక మా నాన్నగారి వెండిపిడి చేతికర్ర.

అద్దెకిచ్చిన ఇంటివారు ఈ ఇల్లు పడగొట్టి కొత్తది కడతాం, ఖాళీ చెయ్యండని అప్పటికే చెప్పారు. మేము చూసుకున్న కొత్త వాటాకి మెట్లు ఇరుకు. కుర్చీ ఎక్కదు. వడ్రంగి వచ్చి చూసి, “చేతులు రెండూ విప్పేస్తే ఎక్కుతుందండి, పైన మళ్ళీ బిగించేస్తాను” అన్నాడు. మా తాతగారి కుర్చీని చేతులు ఊడదీసి నడివీధిలో మోయించడానికి నేను ఒప్పుకోలేదు. అంతకంటే అమ్మెయ్యడం గౌరవం అన్నాను. ఆ మాట వర్తకుడి దాకా ఎలా వెళ్ళిందో తెలియదు. వెళ్ళింది.

చిక్కల్లా ఒక్కటే. ఆ కుర్చీ మాది కాదు. హిందీగారిది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఏలూరు నుంచి కలిదిండి దాకా ఆ పేరుతో ఎవరికీ అవసరం పడలేదు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో, చేపల చెరువు పట్టుబడి బాగా వచ్చినప్పుడు చేసుకునే సంబరాల్లో, ఆర్కెస్ట్రా వేదిక మీద హిందీ సినిమా పాటలు పాడే మనిషి ఆయన. మా గోదావరి జిల్లాల్లో ఏ మాట చివరైనా గారు చేర్చకపోతే మాకు నిద్రపట్టదు గనక, ఆయన హిందీగారయ్యారు. ఆయన భార్యని కూడా “హిందీగారి తాలూకండీ” అనేవారు.

ఆయనకి హిందీ రాదు.

ఇందులో దాపరికం ఏమీ లేదు. మా రైసుమిల్లులో ధాన్యం తూకం దగ్గర పనిచేస్తూ, రేడియోలో విన్న పాటని విన్నట్టు గొంతులో పోసుకున్నారు. ఒకసారి మా నాన్నగారు మిల్లు చూడటానికి వచ్చి, బస్తాల వెనకనుంచి వస్తున్న పాట విని, లెక్కలు ఆపించి చివరిదాకా నిలబడ్డారు. ఆ ఏడు మా ఊరి ఉత్సవంలో ఆయన చేతికి మొదటిసారి మైకు ఇప్పించినది మా నాన్నగారే. ఈ సంగతి నేను మరిచిపోదామనుకున్నా హిందీగారు మరవనిచ్చేవారు కాదు. కనపడిన ప్రతివాడికీ నన్ను చూపించి, “నాకు మైకిచ్చినవారి అబ్బాయిగారండీ” అనేవారు. నాకప్పటికి జుట్టు నెరిసిపోయింది.

భాష రాకపోయినా అర్థం అడిగినవాళ్ళకి లేదనేవారు కాదు. ఒకే పాటకి మనిషిని బట్టి అర్థం చెప్పేవారు. రొయ్యలకి తెగులు తగిలి చెరువు మునిగినవాడు అడిగితే అది మళ్ళీ చెరువు వేసుకోమని చెప్పే పాట. కొత్తపెళ్ళికొడుకు అడిగితే విరహం. పెదపాడు వైపు ఒక చర్చి దగ్గర క్రిస్మసుకి అదే పాట పాడి, యేసుప్రభువు పుట్టిన పాట అని చెప్పి వచ్చారు. మా ఆవిడ ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

“ఇందాకటి పాటకి అర్థం ఏంటండీ?”

“భర్త మొండివాడైతే భార్య ఏం చెయ్యాలో చెప్పే పాటమ్మా.”

“ఏం చెయ్యాలంటండీ?”

“అది రెండో చరణంలో ఉందమ్మా. నాకు రెండో చరణం రాదు.”

కలిదిండిలో ఒక పట్టుబడి సంబరానికి నేనూ వెళ్ళాను. చేపల లోడు కోసం వచ్చిన ఉత్తరాది లారీ డ్రైవర్లు ఐసుపెట్టెల మీద కూర్చుని పాట వింటున్నారు. పాట అయ్యాక వాళ్ళలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ వేదిక దగ్గరికి వచ్చి, హిందీగారి రెండు చేతులూ పట్టుకుని హిందీలో చాలాసేపు మాట్లాడాడు. హిందీగారు తల ఊపుతూ విన్నారు. నడుమ నడుమ నిట్టూర్చారు. చివర ఆయనకి వచ్చిన ఒకే ఒక్క మాట, “బహుత్” అన్నారు. డ్రైవరు మళ్ళీ ఏడ్చాడు. హిందీగారు మెడలోని మఫ్లరు తీసి అతని మెడకి చుట్టారు.

“ఏం చెప్పాడండీ?” అని అడిగాను.

“కష్టం చెప్పుకున్నాడండి.”

“మీకు హిందీ రాదు కదా?”

“కష్టానికి హిందీ ఎందుకండీ? ముక్కు చీదే దగ్గర తల ఊపితే చాలు.”

ఆ మఫ్లరు లేకుండా ఆయన్ని చూసింది ఆ ఒక్క సాయంత్రమే. ఏలూరు ఎండల్లో, రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకునే రోజుల్లో కూడా మెడకి ఉన్ని మఫ్లరు ఉండేది. గొంతుకి గాలి తగలకూడదట. మఫ్లరు చుట్టుకుని పుల్లైసు తినేవారు. ఇదేంటండీ అంటే, “మఫ్లరు బయటి గాలికి, ఐసు లోపలి వేడికి” అనేవారు. దానికి ఎదురు చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

ఇంకో చాదస్తం రైలు గేటు. ప్రోగ్రాముకి వెళ్తూ గేటు దగ్గరికి వచ్చేసరికి అది పడి ఉంటే అందరూ విసుక్కుంటారు. హిందీగారు గేటు తీసి ఉంటే విసుక్కునేవారు. వ్యాను ఆపించి, గేటు పడేదాకా, రైలు వెళ్ళేదాకా, మళ్ళీ గేటు లేచేదాకా కూర్చునేవారు. రైలు కూత విని దానితో శ్రుతి సరిచూసుకుంటే గాని ఆ పూట గొంతు దారిలోకి రాదట. తబలా అతను నెత్తి బాదుకునేవాడు. ముహూర్తాలు దాటిపోయాయి. ఒక పెళ్ళిలో తలంబ్రాలు అయిపోయి, పెళ్ళికూతురి మేనమామ గుమ్మంలో నిలబడి తిట్ల దండకం మొదలుపెట్టాక దిగారు. “గూడ్సుబండి అండి, పొడుగ్గా ఉంది” అన్నారు.

పాడే ముందు ఇంకో తంతు ఉండేది. వేదిక ఎక్కకుండా తిన్నగా వంటల దగ్గరికి వెళ్ళి వేడినీళ్ళు అడిగేవారు. గొంతు పట్టేసిందనేవారు. కాగే దాకా అక్కడే చెక్కబల్ల మీదో, బోర్లించిన గుండిగ మీదో కూర్చుని ఆడవాళ్ళతో కబుర్లాడేవారు. ఆ తరవాత గ్లాసు పట్టుకుని వచ్చి, వంట చేసినవాళ్ళూ గిన్నెలు తోమేవాళ్ళూ ముందు వరసలో కూర్చుంటే తప్ప నోరు విప్పేవారు కాదు. చెరువుల ఆసాములు సిల్కు చొక్కాలతో వెనక్కి జరగవలసి వచ్చేది. గ్లాసులోని వేడినీళ్ళు మాత్రం తాగగా నేను చూడలేదు. హార్మోనియం పక్కన చల్లారిపోయేవి.

ఇక కుర్చీ.

మా తాతగారు అరవయ్యో ఏట చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ భోజనాలు పెట్టారు. మా నాన్నగారు మా ఊరికి పెట్టారు. నా షష్టిపూర్తికి కనీసం మా వీధికైనా పెట్టకపోతే ఆ ఇంటిపేరు మొయ్యడం దేనికని నాకు అనిపించింది. అందుకు మార్గం కూడా ఆలోచించాను. కొల్లేటి ఒడ్డున కొత్తగా కడుతున్న రిసార్టు వాళ్ళకి హాల్లో పెట్టుకోవడానికి జమీందారీ కుర్చీ కావాలట. పాతసామాన్ల వర్తకుడు సోమవారం వ్యాను తెస్తానన్నాడు. ఈ సంగతి నాకూ అతనికీ మధ్యే ఉంది. ఇంట్లో మా ఆవిడకి చెప్పక తప్పలేదు.

ఆదివారం పొద్దున హిందీగారు పుల్లైసు చీకుతూ మెట్లెక్కి వచ్చారు.

“మీ షష్టిపూర్తికి నేను పాడుతున్నానండి. చెప్పి వెళ్దామని వచ్చాను.”

“మేము ఆర్కెస్ట్రా అనుకోలేదండి” అన్నాను.

“మీరు అనుకోలేదు. నేను అనుకున్నాను.”

“మా ఇంట్లో ఎవరి చేతా ఊరికే పాడించుకోవడం లేదు.”

“ఊరికే పాడతానని ఎవరన్నారండీ? నా పారితోషికం మీరు తట్టుకోలేరు.”

ఆ మాటకి నేను నిటారుగా కూర్చున్నాను. “అడగండి” అన్నాను.

“అడుగుతాను. ముందు కాసిని వేడినీళ్ళు తాగనివ్వండి. గొంతు పట్టేసింది” అని పుల్లైసు పుల్ల కిటికీలోంచి విసిరి వంటింట్లోకి వెళ్ళారు. వేడినీళ్ళు కాగడానికి పట్టే సమయం కంటే ఎక్కువే పట్టింది. గ్లాసుతో తిరిగి వచ్చి దాన్ని కిటికీలో పెట్టి, గది చుట్టూ చూసి, కుర్చీ ముందు ఆగారు.

“ఇది.”

“ఏది?”

“ఈ కుర్చీయేనండి. ఇదే నా పారితోషికం.”

వర్తకుడికి మాటిచ్చానని చెబితే అమ్ముకుంటున్నామని చెప్పినట్టు. ఇవ్వనంటే, అడగండి అని అన్న నోరే కాదన్నట్టు. అడగమన్నాక ఇవ్వకపోవడం మా వంశంలో లేదు. ఆ సంగతి ఆయనకి మా నాన్నగారి కాలం నుంచి తెలుసు.

“తీసుకెళ్ళండి” అన్నాను.

“అలా కాదండి. తాంబూలం పెట్టి, నీళ్ళు ధారపోసి ఇవ్వండి. పద్ధతి పద్ధతే.”

మా ఆవిడ తమలపాకులు, వక్కలు, చెంబుతో నీళ్ళు అప్పటికే పట్టుకుని నిలబడి ఉంది. మామూలుగా మా ఇంట్లో తమలపాకులు ఎక్కడున్నాయో వెతకడానికే పూట పడుతుంది. తాంబూలం ఆయన చేతిలో పెట్టి నీళ్ళు వదిలాను. హిందీగారు తడిచెయ్యి మఫ్లరుకి తుడుచుకున్నారు.

“ఇంక ఇది నాదే కదండీ?”

“మీదే.”

“ధారపోసినదాన్ని అమ్మడం మీ వంశంలో ఉందాండీ?”

“లేదు.”

“మంచిదండి. మా ఇల్లు చిన్నది. నా కుర్చీ మీ ఇంట్లో పెట్టుకుంటాను. మీకేమైనా ఇబ్బందా?”

“మీరు అడిగితే కాదంటామా?” అన్నాను, కాస్త ఉదారంగానే.

సోమవారం వ్యాను ఖాళీగా తిరిగి వెళ్ళింది. వీధి భోజనాలు పులిహోర, చక్రపొంగలి దగ్గర ఆగిపోయాయి. కాని ఆ రోజు మా వాటా వరండాలో హిందీగారు పాడిన పాటలకి వీధి మాత్రమే కాదు, ఉల్లిపాయల మార్కెట్టులో హమాలీలు కూడా బస్తాలు దించి వచ్చి నిలబడ్డారు. వంటింట్లో ఉన్న మా ఆవిడని పిలిచి ఆ కుర్చీలో కూర్చోమన్నారు. మా తాతగారి హయాంలో ఆడవాళ్ళు ఆ కుర్చీ ఉన్న గదిలోకి కూడా వచ్చేవారు కాదు. నేను ఏదో అనబోయాను.

“నా కుర్చీ అండి. నా ఇష్టం” అన్నారు హిందీగారు.

మా ఆవిడ కాళ్ళు కుర్చీ చేతుల మీదికి చాపలేదు గాని, వెనక్కి వాలింది. కళ్ళు మూసుకుంది. ఏ పాట అయినా రెండు చరణాలూ ఉన్నట్టే వింది.

అప్పటినుంచి నెలకో రెండు నెలలకో ఆయన “నా కుర్చీ చూసుకోవడానికి” వచ్చేవారు. చేతుల కింద వేలు పెట్టి దుమ్ము చూసేవారు. “అమ్మా, నా కుర్చీకి నూనె పట్టించడం లేదు” అని మా ఆవిడని మందలించి సంచిలోంచి సీసా తీసేవారు. అందులోనే కొల్లేటి కొర్రమీను ఒకటి తడి గోనెపట్టాలో కొట్టుకుంటూ ఉండేది.

“ఇదేంటండీ?” అన్నాను మొదటిసారి, కొంచెం గట్టిగానే. ఎవరో తెచ్చిన చేప వండుకునే స్థితికి రాలేదు మేము.

“అద్దెండి. నా కుర్చీ మీ ఇంట్లో ఉంటోందిగా. నన్ను ఊరికే ఉంచుకునేవాడిగా చూడకండి.”

అద్దె అన్నాక పుచ్చుకోక తప్పదు. మా తాతగారి కింద లెక్కలేనంతమంది కౌలుదార్లు ఉండేవారు. నాకు ఉన్నది ఒక్క కుర్చీ. అది ఎన్నడూ కౌలు ఎగ్గొట్టలేదు. చేప పులుసు అయ్యేదాకా హిందీగారు కుర్చీలో కాళ్ళు చాపుకుని, మఫ్లరు కళ్ళమీదికి లాక్కుని గురక పెట్టేవారు. అది మాత్రం శ్రుతిలో ఉండేది కాదు.

మనిషి పోయాడు. ఆయన సొత్తు వారసులకి అప్పగించకుండా ఇంట్లో ఉంచుకోవడం నాకు నచ్చలేదు. వాళ్ళు అమ్ముకుంటారో అట్టేపెట్టుకుంటారో వాళ్ళ ఇష్టం. పెద్దకర్మ రోజున ట్రక్కు ఆటో మాట్లాడి కుర్చీ ఎక్కించాను, చేతులు విప్పకుండానే. మా ఆవిడ దారి పొడుగునా కుర్చీ చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఏలూరులో ఆయన ఇల్లు కాలువగట్టు దాటాక సందులో ఉంది. ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. ముందు ఒక ట్రాక్టరు అడ్డంగా ఉంది. దాని వెనక తగిలించిన ట్రక్కు మీద ఒక దోనె ఉంది, తాటిమానుని నిలువునా తొలిచి చేసిన కొల్లేటి దోనె. దాని పక్కన కరెంటు స్తంభానికి ఒక గేదె కట్టేసి ఉంది. గోడకి ఒక పెద్ద నిలువుటద్దం ఆనించి ఉంది. దానిలో గేదె తన్ను తాను చూసుకుంటోంది.

షామియానా కింద హిందీగారి ఫోటో. దాని ముందు ఆయన భార్య, పొట్టిగా, పచ్చగా, చేతులు నడుముకి పెట్టుకుని నిలబడి ఉన్నారు. మా ఆటోలో కుర్చీ చూసి తల పట్టుకున్నారు.

“మీరు కూడానాండీ?”

“ఇది హిందీగారి కుర్చీ అండి. అప్పగించడానికి తెచ్చాము” అన్నాను.

“ఆ దోనె కూడా ఆయనదేనంటండి. ఆ గేదె కూడా ఆయనదేనంటండి. ఇన్నాళ్ళూ నేను కాపురం చేసింది ఒక జమీందారుతోనా? రెండు గదుల ఇల్లండీ నాది. గేదెని ఎక్కడ పెట్టమంటారు, దోనెలోనా?”

నిజం చెబుతాను, నాకు గేదెని చూస్తే కష్టంగా అనిపించింది. మైకిచ్చినవారి అబ్బాయినని ఆయన నా ఒక్కడి ఇంటికే ఆ గౌరవం చేశారనుకుంటూ వచ్చాను. నాకూ ఒక గేదెకీ ఒకే వరసలో చోటు దొరికింది.

దోనె తెచ్చినావిడ కొల్లేటి లంక నుంచి వచ్చింది. అడక్కుండానే చెప్పింది.

“మా మావ తొలిచిన దోనండి. కొడుకు పెళ్ళికి అమ్మేద్దామనుకున్నామండి. రిసార్టోళ్ళు దాంట్లో పూలమొక్కలేసుకుంటారంటండి. పెళ్ళిపాటకి హిందీగారొచ్చి, దోనె నాకు ధారపొయ్యండన్నారండి. పోశాం. అట్టుకెళ్ళలేదండి. నా దోన్లో నువ్వే చేపలు పట్టుకో, పట్టినప్పుడల్లా ఒక కొర్రమీను నాకు పంపు అన్నారండి.”

మా అద్దె కొర్రమీను ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

గేదె పెదపాడు నుంచి వచ్చిన ఒక క్రైస్తవుల ఆవిడది. “సంతకి తోలేద్దామనుకున్న రోజునేనండి, క్రిస్మసు పాటకొచ్చి గేదె అడిగారు. ఇంకా పాలిస్తోందండి. ఆయన గేదె కదా అని నేనెవరికీ అమ్మలేదండి” అంది. అద్దం మా తాడేపల్లిగూడెంలోని ఒక మంగలిషాపుది. ఆ షాపతను కూడా అదే మాట అన్నాడు. “అమ్మకానికి పెట్టిన వారమేనండి. ఆయనకెలా తెలిసిందో!”

అప్పటిదాకా నా వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తిరిగి చూశాను. పాతసామాన్ల వర్తకుడు. దోనె, అద్దం, కుర్చీ, వరసగా చూసుకుంటున్నాడు.

“బాబుగారండీ, నా కొట్టంతా ఇక్కడే ఉందండీ” అన్నాడు, ఏడుపు గొంతుతో. “ఇవన్నీ నేను బేరం కుదుర్చుకున్నవేనండి. వ్యాను తీసుకెళ్ళేసరికి ధారపోసేసేవారండి.”

“మరి మీరే చెప్పారా ఆయనకి?” అని అడిగారు హిందీగారి భార్య.

“నాకేం పిచ్చాండీ?”

లంక ఆవిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మాటల్లో నేనే అనేశానండి. వేడినీళ్ళు కావాలని పొయ్యికాడికొచ్చి కూర్చున్నారండి.”

“ఆయ్, మా ఇంటికీ వేడినీళ్ళకే వచ్చారండి” అంది గేదె ఆవిడ.

హిందీగారి భార్య వాళ్ళిద్దరి వైపూ తిరిగారు. “వేడినీళ్ళా?” అన్నారు. “ఆయన పుట్టి బుద్ధెరిగి వేడినీళ్ళు తాగలేదండీ. జ్వరం వచ్చినా ఐసే. స్నానానికి కాచిపెడితే పారబోసి బావిదగ్గరికి పోయేవారు.”

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఫోటో వైపు చూస్తోంది.

“నువ్వు కూడానా?” అన్నాను.

“నీళ్ళు అడిగారు, ఇచ్చాను” అంది. “మీరు తాతగారి కుర్చీ అమ్మి వీధికి బూరెలు పెడతానంటే నేనెవరితో చెప్పుకోవాలి? మీతోనా?”

అంతలో గేదె మెడ చాచి, ఫోటోకి వేసిన బంతిపూల దండ పీక్కుని తినడం మొదలుపెట్టింది. నలుగురూ అదిలించడానికి లేచారు. హిందీగారి భార్య చెయ్యి అడ్డం పెట్టారు. “తిననివ్వండి. ఆయన గేదే కదా” అన్నారు. అని, అప్పటిదాకా బిగపట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేసి ఏడ్చారు. ఏడుస్తూనే నవ్వారు. ఆ రెండింటిలో ఏది ఎప్పుడు మొదలైందో చెప్పలేను.

భోజనాలయ్యాక మా అందర్నీ నిలబెట్టి చెప్పారు. “ఎక్కడివి అక్కడికి పట్టుకుపోండి బాబూ. ఇవి నాకొద్దు. ఆయనే పోయాక ఆయన సొత్తేంటి? మీ వస్తువులు మీవి. ఉంచుకుంటారో అమ్ముకుంటారో మీ ఇష్టం.”

కుర్చీ తిరిగి తాడేపల్లిగూడెం వచ్చింది, మళ్ళీ మాదైపోయి. అంతకంటే చిక్కు ఇంకోటి లేదు. ఇన్నాళ్ళూ అమ్మడానికి వీల్లేదు గనక అమ్మలేదు. ఇప్పుడు ఉంచుకోవాలంటే చేతులు విప్పాలి, అమ్మాలంటే ఒక్క ఫోను చాలు. నేను వడ్రంగిని పిలవలేదు. ఖాళీ చెయ్యవలసిన వారంలో వర్తకుడు తాళ్ళతో సహా వచ్చేశాడు. తలుపు వెనక చేతికర్ర కూడా చూశాడు.

“వెండిపిడాండీ? అది కూడా ఇచ్చేస్తే ఒకేసారి పోతుంది కదండీ బాబుగారూ. కొత్తింట్లో దానికి మాత్రం చోటెక్కడండీ?”

“చూద్దాం” అన్నాను. నేను చూద్దాం అంటే ఏమిటో మా ఆవిడకి తెలుసు. ఆవిడ వంటింట్లో గిన్నెలు కొంచెం చప్పుడు చేసింది.

అతను తాడు ఒక చుట్టు తిప్పాడో లేదో మెట్ల మీద ఆయాసపడుతున్న చప్పుడు వినిపించింది. హిందీగారి భార్య. చేతిలో గోనెపట్టా, అందులో ఏదో కొట్టుకుంటోంది. మే నెల ఎండలో మెడకి ఉన్ని మఫ్లరు.

“నా కుర్చీ చూసుకోవడానికి వచ్చానండి” అన్నారు.

“మాకే ఇచ్చేశారు కదండీ?” అన్నాను.

“ఆ రోజు దుఃఖంలో ఏదో అన్నానండి. దుఃఖంలో అన్న మాట పట్టుకుంటారా మీ వంశంలో?” అని కుర్చీ చేతుల కింద వేలు పెట్టి దుమ్ము చూశారు. “ఈ తాళ్ళేంటండీ?”

వర్తకుడు తాడు వెనక్కి లాక్కున్నాడు. “కొత్తింటి మెట్లు ఎక్కదండమ్మా ఈ కుర్చీ.”

“చేతులు విప్పితే?”

“బాబుగారు ఒప్పుకోరండి.”

“ఆయన ఒప్పుకోవడం దేనికండీ? నా కుర్చీ, నా ఇష్టం” అని నా వైపు తిరిగారు. “ఏవండీ, విప్పించమంటారా?”

నేను కుర్చీని చూశాను. మా తాతగారు అందులో కూర్చుని తీర్పులు చెప్పేవారు. దాని చేతులు ఎవరైనా ముట్టుకుంటే ఆయన కళ్ళెర్రజేసేవారు. ఆయనకి మాత్రం ఇరుకు మెట్లు ఎక్కే అవసరం ఎన్నడూ రాలేదు.

“మీ కుర్చీ అండి” అన్నాను. “విప్పించండి.”

“పులుసు అయ్యేలోపు వడ్రంగిని పిలిపించండి మరి” అని చేప నా చేతిలో పెట్టారు. “అద్దె. లంకావిడ పంపింది.” ఆ మాట అంటూనే మఫ్లరు సవరించుకుని వంటింటి వైపు నడిచారు. “అమ్మా, కాసిని వేడినీళ్ళిస్తావా? గొంతు పట్టేసింది.”

ఆవిడ గొంతుకి ఏమీ కాలేదు. ఇప్పుడే వర్తకుణ్ణి ఠారెత్తించింది ఆ గొంతే.

వర్తకుడు నా మొహం చూశాడు. “ఈవిడ కూడా మొదలెట్టారాండీ?” అని గొణిగాడు. లోపల పొయ్యి వెలిగిన చప్పుడైంది. ఆ తరవాత మా ఆవిడ గొంతు, చాలా మెల్లిగా, చాలాసేపు. నీళ్ళు కాగడానికి పట్టే సమయం కంటే ఎక్కువే పట్టింది.

హిందీగారి భార్య గ్లాసుతో బయటికి వచ్చి, దాన్ని తాగకుండా కిటికీలో పెట్టి, తలుపు వెనక్కి తొంగి చూశారు.

“బాబుగారండీ, నాకు పాటలు రావు గాని, మోకాళ్ళ నొప్పులు మాత్రం బాగా ఉన్నాయండి. మీ ఇంట్లో చేతికర్ర ఏదో ఉందటగా?”

మా ఆవిడ తమలపాకులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.